తబలా నేర్చుకున్న పిల్లాడికి రేడియోలో దారి ఉందా?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా బాబు ఈ ఏడు పన్నెండో తరగతి కామర్స్ పాసయ్యాడు. ఆరేళ్లుగా తబలా నేర్చుకుంటూ గాంధర్వ మహావిద్యాలయ మండలం వాళ్ల 'మధ్యమా' పరీక్ష పూర్తి చేశాడు. ప్రతి ఆదివారం రైల్లో నాందేడ్ వెళ్లి గురువుగారి దగ్గర కూర్చుంటాడు. ఇప్పుడేమో బీకాం వద్దు, రేడియోలో హిందుస్తానీ సంగీతం గురించి చెబుతా, తబలా వాయిస్తా అంటున్నాడు. వాళ్ల నాన్న మిర్చి అడ్తి (కమిషన్ వ్యాపారం) దుకాణంలో గుమాస్తా. తబలా కూడు పెడుతుందా అని ఆయన, ఒక్క ఏడాది చూద్దామని నేను. పైగా పద్నాలుగు వేలు పెట్టి కొత్త తబలా జోడీ కొనమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ వాడు ఒక్క మాటలో రెండు పనులు అడుగుతున్నాడు. తబలా వాయించడం ఒక పని, సంగీతం గురించి శ్రోతలకి చెప్పడం ఇంకో పని. రెండూ ఒకే భవనంలో జరుగుతాయి కాబట్టి మీకు ఒకటే అనిపిస్తోంది. కానీ వాటి పరీక్షలు వేరు, డబ్బులొచ్చే తీరు వేరు. మీ ఆయన గారి భయం మొదటి దాని గురించి. నాకు ఆశ ఉన్నది రెండో దాని మీద.

మొదట వాయించడం. ఆకాశవాణిలో కళాకారుడిగా వాయించాలంటే ఆడిషన్ గట్టెక్కాలి. స్థానిక కమిటీ వింటుంది, ఆపైన మ్యూజిక్ ఆడిషన్ బోర్డు ఉంటుంది. బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఇస్తారు. చాలా ఇళ్లలో ఇక్కడే పొరపడతారు. గ్రేడ్ వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు. ప్రోగ్రాం ఇచ్చినప్పుడు పిలుస్తారు, ఆ ప్రోగ్రాంకి పారితోషికం ఇస్తారు, ఇంటికి పంపిస్తారు. అయితే ఆ గ్రేడ్ కాగితానికి ఉన్న విలువ వేరు. గాయకుల పక్కన సాథ్ (పక్కవాద్యం) ఇవ్వడానికి పిలుపులు, క్లాసులు చెప్పుకునే అవకాశం, ఊళ్లో పరపతి దాని వెంటే వస్తాయి. 16 నుంచి 24 ఏళ్ల వాళ్లకి ఆకాశవాణి సంగీత పోటీలు కూడా ఉన్నాయి. నాందేడ్ కేంద్రానికి వెళ్లి ఫారం ఎప్పుడిస్తారో వాడినే కనుక్కోమనండి. మీరు కనుక్కోకండి. ఆ గేటు దాటి లోపలికి వెళ్లి నలుగురితో మాట్లాడే అలవాటు వాడికే రావాలి.

పూర్వం ఇలా లేదు. సోలాపూర్‌లో పుట్టిన ఉస్తాద్ షేక్ దావూద్ హైదరాబాద్ చేరి, అక్కడి రేడియోలో కళాకారుడిగా ఉంటూ దేశంలో పెద్ద పెద్ద గాయకులకి పక్కవాద్యం వాయించారు. రేడియోయే ఆయనకి జీతమిచ్చే కొలువు. అలాంటి నిలయ విద్వాంసుల కొలువులు ఇప్పుడు దొరుకుతాయని నమ్మి పిల్లాడి డిగ్రీ ఆపమని నేను చెప్పలేను. ఈ విషయంలో మీ ఆయన గారి మాటే సరైనది.

ఇక చెప్పడం. ఈ విషయంలో మీ వాడి చేతిలో ఏముందో మీ ఇద్దరూ చూసుకున్నట్టు లేరు. వాడికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గురువుగారి దగ్గర హిందీ. ధర్మాబాద్‌లో రైలెక్కితే ఒక పక్క నాందేడ్ కేంద్రం, రెండో పక్క బాసర దాటాక నిజామాబాద్ కేంద్రం. కాస్త దూరమైనా ఆదిలాబాద్ కేంద్రం కూడా ఉంది. క్యాజువల్ అనౌన్సర్ల కోసం ఈ కేంద్రాలు ప్రకటనలు వేసినప్పుడు రాతపరీక్ష, గొంతు పరీక్ష పెడతారు. అదీ పర్మనెంటు కాదు, డ్యూటీకి ఇంత అని లెక్క. కానీ రెండు భాషల్లో నాలుక తిరిగి, సంగీతం కూడా తెలిసిన కుర్రాడు ఆ లైన్లో ఎంతమంది ఉంటారు?

(నా సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్లప్పుడు నేనూ ఒక కేంద్రంలో గొంతు పరీక్షకి వెళ్లాను. 'శ', 'ష' రెండూ ఒకేలా పలికానని మొదటి పేరాలోనే లేపేశారు. అప్పుడు చాలా మండింది గానీ, వాళ్లు చేసింది సరైన పనే.)

వివిధ భారతిలో 'సంగీత్ సరితా' అని పొద్దున పూట ఒక కార్యక్రమం వస్తుంది. ఒక రాగం తీసుకుని, దాని నడక చెప్పి, అదే రాగంలో సినిమా పాట వేస్తారు. టీ కాచుకుంటూ వినేవాళ్లకి కూడా రాగం చెవికెక్కుతుంది. ఆకాశవాణిలో 2016 జనవరి 26న మొదలైన 'రాగం' చానల్ రోజంతా శాస్త్రీయ సంగీతమే వేస్తుంది, ఫోన్లోనే వినొచ్చు. వీటిలో మాట హిందీలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది. త్యాగరాజ కీర్తనలతో పెరిగిన తెలుగు చెవికి, తెలుగులోనే, హిందుస్తానీని దగ్గర చేసేవాళ్లు నాకైతే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా కనబడలేదు. మీ వాడు నిలబడాల్సిన చోటు అదే అనుకుంటున్నాను.

ఎలా చెప్పాలో ఒక్క ఉదాహరణ ఇస్తాను, వాడికి చదివి వినిపించండి. కర్ణాటకంలో రూపకం అనే తాళానికి ఆరు అక్షరాలు, అంటే ఆరు లెక్కలు. హిందుస్తానీలో రూపక్ అంటే ఏడు మాత్రలు, అక్కడ లెక్కని మాత్ర అంటారు. పేరు ఒకటే, లెక్క వేరు. ఏడు మాత్రలు మనకి కొత్తవి కావు, కర్ణాటకంలో మిశ్రచాపు తాళం నడక ఏడే. ఇప్పుడు వాడు తబలా దగ్గరికి లాక్కుని 'తీ తీ నా, ధీ నా, ధీ నా' అని వాయించాలి. మామూలుగా ఆవర్తం (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బకి డగ్గా, అంటే జోడీలో ఎడమ చేతి పెద్ద వాద్యం, గుమ్మని మోగుతుంది. తీన్‌తాళ్‌లో పదహారు మాత్రలు తిరిగి వచ్చి 'ధా' అని పడగానే శ్రోత తల ఊపుతాడు. రూపక్‌లో మొదటి దెబ్బే ఖాళీ, డగ్గా మోగదు. గడప మీద కాలు పెట్టబోయి గాల్లో ఆగినట్టు ఉంటుంది. ఈ సంగతి రెండు నిమిషాల్లో, వాయించి చూపిస్తూ చెప్పగలిగితే వాడు అనౌన్సర్ అయినట్టే. చెప్పలేక 'రూపక్ అనేది ఒక ప్రాచీనమైన విశిష్టమైన తాళం' అని మొదలెడితే ఇంకో ఏడాది ఆగాలి.

ఇలాంటివి తవ్వితే చాలా దొరుకుతాయి. మాల్కౌంస్ వినిపించి హిందోళం గుర్తుచేయొచ్చు, భూప్ వినిపించి మోహనం. మిరజ్‌లో స్థిరపడ్డ కిరానా ఘరానా (గాన సంప్రదాయం) ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ ఖరహరప్రియలో త్యాగరాజ కీర్తన పాడి రికార్డు ఇచ్చారని ఎంతమంది తెలుగువాళ్లకి తెలుసు? ఊరూరా భజనల్లో వాయించే హార్మోనియం పెట్టెని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి గడప తొక్కనివ్వలేదన్నది ఇంకో మంచి కథ. నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారాలో రాగీలు కీర్తన పాడుతుంటే పక్కన తబలా మోగుతుంది. ఆదివారం క్లాసయ్యాక గంటసేపు అక్కడ కూర్చుని, ఏ రాగమో, ఏ తాళమో నోటుబుక్కులో రాసుకోమనండి. రైలు టికెట్టు ఎలాగూ పెట్టారు కదా.

రికార్డింగు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. బట్టల బీరువా ఉన్న గది మంచిది, ఖాళీ గది అయితే గొంతు గిన్నెలో మాట్లాడినట్టు వస్తుంది. ఫోను తబలాకి చేయి చాపినంత దూరంలో ఉండాలి, డగ్గా మీదికి వంచి పెట్టకూడదు. గాలి కొట్టి శబ్దం పగులుతుంది. చిన్న రేడియో స్పీకర్లలో డగ్గా గుమ్మనే మోత సగం పోతుంది కాబట్టి, వాయించాక బోల్స్ ('తీ', 'నా' లాంటి తబలా మాటలు) నోటితో కూడా చెప్పడం మంచిది. ఒక జాగ్రత్త: ఎవరో పెద్దవాళ్ల కొత్త రికార్డింగు తీసుకుని తన కార్యక్రమంలో కలిపేయకూడదు. మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన తరవాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. పాత గ్రామఫోను ప్లేట్ల కాలం వాటితో పని చేసుకోవచ్చు, లేదా తనే వాయించొచ్చు.

కమ్యూనిటీ రేడియోల గురించి కూడా తెలుసుకోమనండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఊరి ఆడవాళ్లు నడిపే సంఘం రేడియో 2008 నుంచి ఉంది. ఇలాంటి స్టేషన్లు చిన్నవి, చుట్టుపక్కల పది పన్నెండు కిలోమీటర్లు వినపడతాయి. డబ్బులు ఆశించకూడదు గానీ, ప్రైవేటు ఎఫ్ఎంలో రాగం పేరెత్తడానికి అవకాశం ఉండదు కాబట్టి చేయి తిరగడానికి ఇవే నయం.

చదువు విషయానికి వస్తాను. పుణె విశ్వవిద్యాలయంలో లలిత కళా కేంద్రం ఉంది, అక్కడ సంగీతంలో డిగ్రీ చేయొచ్చు. దానికి గట్టిగా ప్రయత్నించమనండి. సీటొస్తే నా ఓటు దానికే. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకి సంగీతంలో డిగ్రీ అడుగుతారు, రేడియో అటూ ఇటూ అయినా ఆ తలుపు తెరిచి ఉంటుంది. సీటు రాకపోతే నాందేడ్‌లో బీకాంలో చేరి, గురువుగారిని వదలకుండా 'విశారద్ పూర్ణ' దాకా వెళ్లాలి. మధ్యమా అయ్యాక ఇంకా రెండు పరీక్షలే. విశారద్‌ని డిగ్రీతో సమానంగా చూస్తారా లేదా అన్నది ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కో రకంగా ఉంటుంది, అందుకే డిగ్రీ తప్పదంటున్నాను. ఏడాది ఖాళీగా ఉంచడం మాత్రం నాకు నచ్చలేదమ్మా. రియాజ్‌కి (సాధనకి) పొద్దున్న రెండు గంటలు చాలు, మిగిలిన రోజంతా ఫోనే తింటుంది.

పద్దెనిమిది నిండగానే కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టించండి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, రెండేళ్ల పాటు, నెలకి 5,000 రూపాయలు. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి, మీ వాడికి ఆరేళ్లు అయ్యాయి. గురువుగారి నుంచి ఉత్తరం ఇప్పుడే రాయించి పెట్టుకోండి, ఆఖరి రోజుల్లో ఆయన ఊళ్లో లేకపోతే ఇబ్బంది.

కొత్త జోడీ ఇప్పుడు వద్దు. ఉన్న తబలాకి పై తోలు, బద్దీలు మార్పించి, నాందేడ్‌లోనే గురువుగారు చెప్పిన సాజ్‌వాలా (వాద్యాలు బాగుచేసేవాడు) చేత సుర్‌లో (శ్రుతిలో) పెట్టిస్తే ఇంకో రెండేళ్లు హాయిగా మోగుతుంది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఒక మంచి మైకు కొనివ్వండి. మొదటి ఐదు నిమిషాల రికార్డింగు వాళ్ల నాన్నగారికే వినిపించమనండి. అడ్తి దుకాణంలో రోజంతా వేలం పాట వినే మనిషి కదా, ఎక్కడ గొంతు తడబడిందో ఆయనకి వెంటనే తెలిసిపోతుంది.