రోమ్‌లో చవగ్గా తినాలంటే నిలబడి తినాలి

"ఇటలీలోని పాదోవాలో చేరి రెండు నెలలైంది అక్కా. వచ్చే నెల నలుగురం కలిసి మూడు రోజులు రోమ్ చూసొద్దామనుకుంటున్నాం. ఒకడు గుడ్డు కూడా ముట్టడు. మిగతా ముగ్గురం చికెన్, చేప తింటాం, బీఫ్, పోర్క్ తినం. తిండికి రోజుకి మనిషికి 20 యూరోలు దాటకూడదు. చవకైన ఇండియన్ రెస్టారెంట్లేమైనా ఉంటే చెప్పు" అని అడిగావు.

20 యూరోలు చాలు తమ్ముడూ, సాయంత్రం ఐస్‌క్రీమ్‌కి కూడా మిగులుతాయి. కానీ ఆ ఇండియన్ రెస్టారెంట్ల ఆలోచన మాత్రం మానుకోండి. ఇక్కడ కూర్చుని పప్పు, నాన్ తింటే మనిషికి 15 యూరోలు అక్కడే అయిపోతాయి, పైగా ఆ పప్పు తిని మీ అమ్మ చేతి పప్పు గుర్తొచ్చి ఏడుస్తారు. మూడు రోజులు మన తిండి లేకపోతే ఎవరూ నీరసించిపోరు.

రోమ్‌లో తిండి ఖరీదు ప్లేటులో ఏముందన్నదాన్ని బట్టి కాదు, నువ్వు కూర్చున్నావా నిలబడ్డావా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పన్నెండేళ్ల కిందట నేను ఈ ఊరికి కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఈ పాఠం నేర్చుకున్నా. ఊరంతా తిరిగి కాళ్లు పీకుతుంటే, ఫౌంటెన్ ఎదురుగా గొడుగుల కింద వేసిన కుర్చీల్లో మా ఆయనా నేనూ కూలబడి రెండు కపుచీనోలు, ఒక నీళ్ల సీసా చెప్పాం. బిల్లు 19 యూరోలు. మోసం చేశారని మా ఆయన లేచి గొడవ పెట్టుకోబోతే, వెయిటర్ నింపాదిగా గోడమీదున్న ధరల పట్టీ చూపించాడు. రెండు వరుసలున్నాయి. ఒకటి "బాంకో", అంటే కౌంటర్ దగ్గర నిలబడి తాగితే. రెండోది "తావొలో", అంటే టేబుల్ దగ్గర కూర్చుంటే. అదే కాఫీ, మూడింతలు. చదువుకోకపోవడం మా తప్పు.

కాబట్టి పొద్దున టిఫిన్ బార్‌లో నిలబడి కానివ్వండి. బార్ అంటే మందు షాపు అనుకునేవు, ఇక్కడ అది మన టీ కొట్టు లాంటిది. చాలాచోట్ల మన టిఫిన్ సెంటర్ పద్ధతే: ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకుని, ఆ చీటీని కౌంటర్ మీద పెట్టి మళ్లీ అడగాలి. ఆ చీటీని స్కొంత్రీనో అంటారు. ఒక కపుచీనో, ఒక కొర్నెత్తో (నెలవంకలా ఉండే తియ్యటి బన్ను) కలిపి మూడు, మూడున్నర యూరోలు. "లాతే" అని మాత్రం అడక్కు, ఒట్టి పాలు గ్లాసులో పోసి ఇస్తారు. కాఫీ కలిపిన పాలు కావాలంటే "కాఫే లాతే" అనాలి. పాంథియోన్ దగ్గర సాంత్ ఎవుస్తాక్యో అని 1938 నాటి కాఫీ కొట్టుంది, అక్కడ కూడా నిలబడే తాగండి.

కొర్నెత్తోలో సాధారణంగా గుడ్డు ఉంటుంది, మీ వెజిటేరియన్ ఫ్రెండ్‌కి పనికిరాదు. అతన్ని ఫోర్నోకి తీసుకెళ్లు. ఫోర్నో అంటే బేకరీ. పొద్దున్నే పొయ్యిలోంచి తీసిన పిజ్జా బియాంకా, అంటే టమాటా, చీజ్ ఏమీ లేకుండా ఆలివ్ నూనె, రాళ్లుప్పు వేసి కాల్చిన రొట్టె, పైన కరకర, లోపల మెత్తన. కాంపో దే ఫియోరి చౌరస్తా మూలనున్న ఫోర్నో, దానికి రెండు సందుల అవతల రొష్షోలి వాళ్ల ఫోర్నో, రెండూ బాగుంటాయి. జేబులో కారప్పొడి పొట్లం ఉంటే సిగ్గుపడకుండా చల్లుకోండి, నేను ఇప్పటికీ చల్లుకుంటా. కొన్నిచోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు, "చె స్త్రుత్తో?" అని అడిగితే ఉందో లేదో చెప్పేస్తారు.

మధ్యాహ్నం పిజ్జా అల్ తాల్యో. అంటే ముక్కలుగా కోసి తూకానికి అమ్మే పిజ్జా. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తా. గాజు అల్మరాలో పొడుగాటి పెనాల్లో పదిరకాలుంటాయి. ధర కిలోకి రాస్తారు, లేదా ఎత్తోకి. ఎత్తో అంటే 100 గ్రాములు. నువ్వు నీకు కావలసినదాన్ని చూపించగానే ఆవిడ కత్తి పెనం మీద ఒకచోట ఆనించి నీ మొహంలోకి చూస్తుంది. ఆ చూపుకి అర్థం "ఇంతేనా, ఇంకానా?" అని. మొహమాటపడి తలూపావా, అరకిలో తూగుతుంది. "మేనో" అంటే తక్కువ, "ప్యూ" అంటే ఎక్కువ. కత్తి సరైన చోటికి వచ్చేదాకా అంటూనే ఉండు, ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత కత్తెరతో కోసి, తూచి, వేడిచేసి, కాగితంలో మడిచి ఇస్తుంది. బంగాళాదుంప ముక్కలు పరిచినది పాతాతె, ఒట్టి టమాటాది రొస్సా, రెండూ సాధారణంగా శాకాహారమే. 200 గ్రాములు తింటే సాయంత్రం దాకా ఆకలేయదు.

వాటికన్ మ్యూజియం చూసి బయటికొస్తే చీప్రో మెట్రో స్టేషన్ దగ్గర పిజ్జారియుమ్ ఉంది, గబ్రియేలే బొంచి 2003లో పెట్టినది. ఊరంతటికీ పేరున్న కొట్టు. ధర మిగతాచోట్లకంటే ఎక్కువ, క్యూ పెద్దది, కూర్చోడానికి చోటు లేదు. అయినా ఒక్కసారి తినాలి. నలుగురూ నాలుగు రకాలు చిన్న ముక్కలు కోయించుకుని పంచుకోండి. మ్యూజియం గేటు ఎదురుగా ఫోటోలు పెట్టి, చేయి పట్టుకుని లోపలికి లాగే హోటళ్ల వైపు మాత్రం చూడకండి.

పెప్పెరోని (అమెరికా పిజ్జా మీద వేసే మాంసం సాసేజ్) విషయంలో తికమక ఉంది. ఇక్కడ పెపెరోని అంటే క్యాప్సికం. మా కజిన్ ఒకడు మాంసం అనుకుని రెండు రోజులు దాన్ని వదిలేసి, పాపం, ఇంకేదో తెలియనిది తిన్నాడు. దీనికి సరిగ్గా వ్యతిరేకం మా అత్తగారి కథ. గుమ్మడిపువ్వుని పిండిలో ముంచి వేయిస్తారు, ఫియోరి ది జూక్కా అంటారు. మన గుమ్మడిపువ్వు బజ్జీలానే ఉంటుందని ఆవిడకి ముచ్చటపడి నేనే కొనిచ్చా. రెండో కొరుకుకి ఆగి, "లోపల ఈ ఉప్పటిదేంటమ్మా, ఊరగాయ ముక్కా?" అన్నారు. అది ఆంకోవీ చేప. చీజుతో పాటు దాన్నీ కూరతారని నాకప్పుడు తెలియదు. ఆవిడకి నిజం చెప్పిన రోజు వేరే కథ. మీవాడికి చెప్పు: "సేంజా అలీచి", చేప లేకుండా.

పాస్తాల్లో రోమ్ వాళ్లవి నాలుగు ముఖ్యం. కార్బొనారా, అమాత్రిచానా, గ్రీచా, ఈ మూడింట్లో గ్వాంచాలే ఉంటుంది, అంటే పంది చెంప మాంసం. నాలుగోది కాచో ఏ పేపె, పెకొరీనో చీజు, మిరియాలపొడి, అంతే. మిరియాల ఘాటు ముక్కుకి తగులుతుంది, మన నాలుకకి హాయిగా ఉంటుంది. స్పగెత్తి, రిగతోని లాంటి ఎండు పాస్తాలో గుడ్డుండదు, ఫెత్తుచీనే లాంటి తాజా పాస్తాలో ఉంటుంది. ఇంకొక్క మాట, పెకొరీనో, పార్మిజానో చీజులకి పాలని దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. దాని పట్టింపు ఉంటే పిజ్జా మరినారా తినమను, దానిలో చీజే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో మాత్రమే.

స్పానిష్ మెట్ల దగ్గర వీయా దెల్లా క్రోచేలో పాస్తిఫీచ్యో గ్వెర్రా అని చిన్న కొట్టుంది. రోజుకి రెండే రకాల పాస్తా వండుతారు, అంత ఖరీదైన వీధిలో చవగ్గా దొరికే భోజనం అది. గిన్నెలో వేసిస్తారు, గోడకి ఆనుకుని తినాలి. తీసుకెళ్లి మెట్ల మీద కూర్చుని తిందామనుకోకండి, 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చోవడం నిషేధం, జరిమానా 400 యూరోల దాకా ఉంటుంది. ఈ ఊళ్లో నిలబడటం మన జేబుకే కాదు, చట్టానికీ మంచిది.

త్రస్తేవెరే పేటలో సాన్ ఫ్రాంచెస్కో ఆ రీపా వీధిలో సుప్లీ రోమా ఉంది. సుప్లీ అంటే టమాటా అన్నం ముద్దలో మోజరెల్లా పెట్టి, రొట్టెపొడిలో దొర్లించి నూనెలో వేయించినది. విరిస్తే చీజు తీగలా సాగుతుంది. మామూలు సుప్లీలో మాంసం సాస్ ఉంటుంది, అడిగి తీసుకోండి. చేప తినేవాళ్లకి కాంపో దే ఫియోరి పక్కన లార్గో దేయి లిబ్రారిలో ఫిలెత్తి ది బకలా, అంటే ఉప్పుచేప బజ్జీ. సాయంత్రం మాత్రమే, ఆదివారం ఉండదు. కాగితంలో చుట్టి చేతికిస్తారు, నూనె కారుతుంటుంది, కాకినాడ బీచ్‌లో ఉన్నట్టుంటుంది.

తెస్తాచ్చో పేట నాకు ఊళ్లో అన్నింటికంటే ఇష్టం. 1890 నుంచి 1975 దాకా ఇక్కడ పెద్ద కబేళా ఉండేది. మంచి మాంసం డబ్బున్నవాళ్ల ఇళ్లకి పోతే, పనివాళ్లకి తోక, పేగులు, తలకాయ మిగిలేవి. అదే "ఐదో పావు" (నాలుగు పావుల మాంసం పోగా మిగిలినది) అని ఇక్కడి ప్రత్యేక వంటైంది. త్రిప్పా అల్లా రొమానా అంటే టమాటాలో ఉడికించి పుదీనా వేసిన బోటీ కూర, వాసనకే మన ఊరు గుర్తొస్తుంది. కానీ అది ఆవుదో ఎద్దుదో, మీరు తినరు. మీకు అక్కడ పనికొచ్చేది త్రాపిజ్జీనో. స్తేఫనో కల్లెగరి 2008లో కనిపెట్టాడు: త్రికోణంగా కోసిన పిజ్జా రొట్టె జేబులో కూర పెట్టి ఇస్తారు. పోల్లో అల్లా కచ్చాతోరా చికెన్ కూర, పార్మిజానా ది మెలంజానే వంకాయ కూర. వంకాయది ఉందంటే ఇంకేమీ ఆలోచించకు.

ఒక్క రాత్రి మాత్రం కూర్చోండి, అన్నీ నిలబడి తింటే యాత్ర చేసినట్టుంటుంది. తెస్తాచ్చోలో దా రేమో, లేదా త్రస్తేవెరేలో ఐ మార్మి. అప్పడంలా పల్చటి రోమ్ పిజ్జా, మార్గెరీతా పది యూరోల లోపే. ఐ మార్మిలో పాలరాతి బల్లలుంటాయి, ఊరివాళ్లు ముద్దుగా "మార్చురీ" అంటారు. ఏడున్నరకి తలుపు దగ్గర ఉండాలి, ఎనిమిది దాటితే క్యూ. బిల్లులో "కోపెర్తో" (కూర్చున్నందుకు మనిషికింత అని వేసే ఛార్జీ) అని వేస్తే, రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో 2006 చట్టం దాన్ని ఒప్పుకోదు. అందుకే చాలామంది "పానే" అని రొట్టెకి రాస్తారు. రొట్టె వద్దంటే ముందే వెనక్కి పంపండి.

నీళ్లకి పైసా ఖర్చు పెట్టకండి. వీధివీధినా "పెద్ద ముక్కు" అని పేరున్న ఇనప కుళాయిలుంటాయి, నసోనే అంటారు, ఊళ్లో దాదాపు 2,500. చల్లటి నీళ్లు, తాగొచ్చు. గొట్టం కింద నోరు పెట్టి బట్టలు తడుపుకోకు. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్లు పైకి ఎగజిమ్ముతాయి, అక్కడ తాగాలి.

ఇక మూడో రోజుకి మీలో ఎవడో ఒకడు "అన్నం" అంటాడు, నాకు తెలుసు. తెర్మిని స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఎస్క్విలీనో మార్కెట్. బంగ్లాదేశ్ వాళ్ల దుకాణాలు ఎక్కువ, హిందీలో బేరమాడొచ్చు. బెండకాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, బాస్మతి అన్నీ దొరుకుతాయి. హాస్టల్లో వంటగది ఉంటే సూపర్‌మార్కెట్ ఆర్బోరియో బియ్యం మెత్తగా ఉడికించి, తియ్యగా లేని పెరుగు కలుపుకుంటే, నా మాట నమ్ము, ఇండియన్ రెస్టారెంట్ బిర్యానీ కంటే ఆ పెరుగన్నమే మేలు. పెరుగు డబ్బా మీద "నతురాలే" అని చూసి తీసుకో, "దోల్చె" అంటే చక్కెర వేసినది.

ఆదివారం ఆ మార్కెట్ మూసేస్తారు. కరివేపాకు కావాలంటే శనివారం పొద్దున్నే కొని, తడి కాగితంలో చుట్టి హాస్టల్ ఫ్రిజ్‌లో పెట్టుకో. పాదోవాకి వెళ్లే రైలెక్కేటప్పుడు మర్చిపోకు, పోయినేడు మా చెల్లెలు అక్కడే మర్చిపోయింది.