తాగింది గుర్తా, తాగినట్టు గుర్తా?

సందేహం: రాత్రి పడుకునే ముందు నింపాదిగా వినడానికి ‘బోల్ట్‌జ్‌మన్ మెదడు’ అనే భౌతికశాస్త్ర ఊహ గురించి ఆడియో రాస్తున్నాను. ‘శూన్యంలో చైతన్యవంతమైన మెదడొకటి పుడుతుంది. చార్మినార్ దగ్గర చాయ్ తాగింది దానికి గుర్తుంటుంది’ అని రాశాను. ‘చైతన్యం’ సరేనా, ‘స్పృహ’ అనాలా?
– ఒక పాఠకురాలు, నారాయణగూడ, హైదరాబాద్

సమాధానం: ఉచితం నుంచి ఔచిత్యం వచ్చినట్టే చేతన నుంచి చైతన్యం. వ్యాకరణానికి ఢోకా లేదు. అయితే ‘ప్రజా చైతన్యం’, ‘చైతన్య యాత్ర’ విని విని ఉన్న చెవికి మీ మెదడు జెండా పట్టుకుని బయల్దేరినట్టు ఉంటుంది. స్పృహకు సంస్కృతంలో కోరిక అని అర్థం. ‘నిస్పృహ’లో ఆ జాడ ఇంకా ఉంది. ఇప్పుడది ఎక్కువగా ఆసుపత్రి మాట, తప్పడానికీ రావడానికీ. మన దగ్గర ‘సోయి’ ఉంది కాని, ‘సోయి లేదా?’ అనగానే తిట్టులా తగులుతుంది. నా ఓటు ‘ఎరుక’కు. ‘నాకెరుకే’ అని రోజూ అనేదే. అచల గురువుల పాటలైన అచల తత్త్వాల్లో ఎరుక పక్కనే బయలు కూడా వస్తుంది. మీ శూన్యానికి ‘బయలు’ ఎంత హాయిగా ఉంటుందో చదివి చూడండి.

అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. విశ్వం మొత్తం సమతాస్థితిలో, అంటే అంతా సమంగా కలిసిపోయి పెద్ద మార్పేమీ లేకుండా ఉన్నా, అనంతకాలంలో అణువులు ఎప్పుడో యాదృచ్ఛికంగా ఒక క్రమంలో కూడవచ్చు. ఎంట్రోపీ (అస్తవ్యస్తతకు కొలత) ఎంత ఎక్కువ తగ్గాలో, ఆ అవకాశం అంత ఘాతాంక వేగంతో పడిపోతుంది. అందుకే గెలాక్సీలతో సహా లోకమంతా ఏర్పడడం కన్నా, లేని గతాన్ని నెమరేసే ఒంటరి మెదడు ఏర్పడడమే సులువు. ఈ లెక్కన చార్మినారూ లేదు, చాయ్ అంతకన్నా లేదు.

‘తాగింది గుర్తుంది’ అంటే తాగినట్టు మీరు ఒప్పుకున్నట్టే. చివర ‘కాని తాగలేదు’ తగిలించి చూడండి. ‘తాగింది గుర్తుంది, కాని తాగలేదు’ అతకదు. ‘తాగినట్టు గుర్తుంది, కాని తాగలేదు’ చక్కగా అతుకుతుంది. కథంతా ఆ ‘ట్టు’ మీదే నిలబడింది; రికార్డింగులో దాన్ని మింగేయకండి.

మరో మాట. భౌతిక శాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ 1906లో కన్నుమూశారు, ఈ పేరు 2004లో వచ్చింది. తెలుగులో ఇలాంటి పేర్లకు షష్ఠీ విభక్తి పైకి కనిపించదు కాబట్టి, ‘బోల్ట్‌జ్‌మన్ మెదడు’ అంటే ఆయన తలలోదే అనుకుంటారు. మొదటిసారి ‘బోల్ట్‌జ్‌మన్ పేరుతో పిలిచే ఊహా మెదడు’ అనండి, తర్వాత కురచ చేసుకోవచ్చు.