పలక చదివినవాడు కలప చదవగలడా?

చిన్నపిల్లల చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి మూడో తరగతి లోపు పిల్లల తెలుగు గురించే. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకి అయిదున్నరేళ్ళు. అ నుంచి ఱ దాకా తడుముకోకుండా అప్పజెబుతాడు. క గుణింతం కూడా నోటికి వచ్చు. కానీ పుస్తకంలో 'పలక' అన్నచోట వేలు పెట్టి చదవమంటే బిక్కమొహం వేస్తాడు. లోపం ఎక్కడుంది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బాబులో ఏ లోపమూ లేదు. అప్పజెప్పడం వేరు, చదవడం వేరు. వరస పాటలా వచ్చిన పిల్లాడికి 'ల' ఒక్కటే చూపిస్తే, 'య ర' దగ్గర్నుంచి ఎత్తుకుంటే గానీ అది నోటికి రాదు. అనుమానమైతే ఒక కాగితం మీద ల, త, వ, ప, క వరస తప్పించి రాసి, ఒక్కొక్కటే చూపించి అడగండి. రెండు సెకన్లలో చెప్పలేకపోతే ఆ అక్షరం ఇంకా రానట్టే.

యాభైయారు అక్షరాలూ అయ్యాకే మాటలు మొదలుపెట్టాలన్న పట్టుదల వదిలేయండి. ఌ, ౡ లతో ఏ పిల్లాడికీ పని పడదు. ఙ, ఞ ల సంగతి ఎదురైన రోజున చూసుకోవచ్చు. ముందు చెప్పిన ఆ అయిదు అక్షరాలే చాలు. తల, వల, కల, లత, కవల, పలక, కలప అని ఏడు మాటలు వస్తాయి. వీటిలో పలక, కలప మీద కన్నేసి ఉంచండి. రెండింట్లోనూ అవే మూడు అక్షరాలు, వరసే మారింది. 'కలప' చూపిస్తే 'పలక' అన్నాడంటే చదవడం లేదు, బొమ్మ చూసినట్టు చూసి ఊహిస్తున్నాడు. అప్పుడు వేలు ఒక్కో అక్షరం కిందా జరుపుతూ క... ల... ప అనిపించి, తర్వాత ఒక్క ఊపులో కలిపించండి. కలిపే ఆ పని పిల్లాడే చెయ్యాలి. మీరు తొందరపడి అందించేస్తే రేపు కూడా మీ మొహం వైపే చూస్తాడు.

వారానికి మూడు అక్షరాలు కలుపుతూ పోండి. డ, గ, ర చేరితే పడవ, గడప, కడవ, రగడ, తలగడ వస్తాయి. ఆకారంలో దగ్గరగా ఉండే ప, ఫ, ష లను ఒకే వారంలో పెట్టొద్దు. ద, ధ, థ లకూ, బ, భ లకూ ఇదే మాట. ప, వ లను పిల్లలు కలగలిపేస్తుంటే తలకట్టు చూడమనండి. 'వ'లో అది ఒంటికి అతుక్కుని ఉంటుంది, 'ప'లో విడిగా ఉంటుంది.

గుణింతం విషయానికొస్తే, 'కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి' అన్న పాత పాట చెడ్డదేం కాదు. కాకపోతే ఒకే అక్షరాన్ని పదిహేను గుర్తుల మీదుగా నడిపిస్తే పిల్లాడికి మళ్ళీ వరసే మిగులుతుంది. దాన్ని అడ్డంగా తిప్పండి. ఒక వారమంతా దీర్ఘం ఒక్కటే, వచ్చిన అక్షరాలన్నిటికీ: కా, గా, తా, పా. మాటలు తాత, పాప, కాకర. పై వారం గుడి: గిలక, పిలక. పలక పక్కన పిలక రాసి, మారిందేమిటో వాణ్ణే వెతకమనండి. ఆ తర్వాత కొమ్ము వచ్చిందంటే కాలు, పాలు, పులి వచ్చేస్తాయి. అక్కణ్ణుంచి చిన్న వాక్యాలకు ఎన్నాళ్ళో పట్టదు.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. అందులో అయిదు నిమిషాలు నిన్నటివి, ఏడెనిమిది నిమిషాలు కొత్తవి, చివర్లో మీరు ఒక కథ చదివి వినిపించడం. ఆ ఆఖరిది మాత్రం మానొద్దు.

ప్రశ్న: మా రెండో తరగతిలో 22 మంది పిల్లలు. గుణింతాల మాటలు బాగానే చదువుతారు, ఒత్తు కనిపిస్తే ఆగిపోతారు. 'రాత్రి'ని 'రాతిర' అంటారు, 'పుస్తకం'ని 'పుసతకం' అంటారు. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలన్న లెక్క మరో పక్క. ఎలా?
– ఒక ఉపాధ్యాయిని, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: పిల్లలు తప్పు చదువుతున్నారనడం కంటే, కంటికి కనిపించిన వరసలో చదువుతున్నారనడం సరి. 'త్రి' చూడండి. పైన త, దాని మీద గుడి, కింద ర ఒత్తు. కంటికి గుడి 'త' మీద కనిపిస్తుంది, నోటికి మాత్రం 'ర' తర్వాత పలుకుతుంది. ఈ తిరకాసు మనకు అలవాటై కనిపించదు గానీ, ఏడేళ్ళ పిల్లకు ఇది నిజంగా పజిలే. కాబట్టి మూడడుగుల్లో విప్పి చూపించండి: పై అక్షరం పొల్లుగా 'త్', తర్వాత కింది అక్షరం 'ర్', గుర్తు ఆఖర్న 'ఇ'. త్... ర్... ఇ... త్రి. అట్టముక్కతో ముందు కింది భాగం మూసి, తర్వాత తెరిచి చూపిస్తే ఇంకా సులువు.

వరస కూడా ముఖ్యమే. ముందు ద్విత్వాలు, అంటే తన ఒత్తు తనకే ఉన్నవి: అమ్మ, అక్క, కుక్క, చెట్టు. ఒత్తుతో అర్థం మారే జతలు పెడితే చెవి పదునెక్కుతుంది: గడి–గడ్డి, గుడి–గుడ్డి, అటు–అట్టు. రెండు మాటలూ పైకి అని, ఎక్కడ నొక్కి పలికామో చప్పట్లతో చూపించమనండి. ఇక్కడ ఒక వారం పైగా పట్టినా కంగారు పడొద్దు. ఆ తర్వాత, ఒత్తుగా మారితే రూపం పోల్చుకోలేనివి: త, న, మ, య, ర, ల. ఈ ఆరింటికీ అక్షరం ఒక వైపు, ఒత్తు ఇంకో వైపు రాసిన అట్టలు చేసి గోడకు కట్టండి. మిగతావి చాలామటుకు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి, వాటికి అట్టలు అక్కర్లేదు. పద్యం, చక్రం, పుస్తకం, సూర్యుడు లాంటి సంయుక్తాలు ఆ తర్వాతే.

ఇక లెక్క. చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంది. ఆ లక్ష్యంలోనే ఇంకో రెండు మాటలున్నాయి, వాటిని చాలామంది దాటేస్తారు: ముందు చూడని పాఠం అయి ఉండాలి, అర్థమవుతూ చదవాలి. నెలంతా చదివించిన పాఠాన్నే గడియారం పెట్టి కొలిస్తే వచ్చేది కంఠస్థం లెక్క. పైగా మన భాషలో 'చెట్టుమీదనుంచి' అన్నది ఒక్క మాటే, అక్షరాలు ఆరు. అలాంటివి నిండిన పేరాలో 40 మాటలు చదివి, అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పిన పిల్ల, 60 మాటలు గడగడా చదివి ఏం చదివిందో చెప్పలేని పిల్లకన్నా ఎంతో ముందుంది. గడియారం నెలకోసారి చాలు. రోజూ పెడితే పిల్లలు చివరి అక్షరాలు మింగడం నేర్చుకుంటారు.

ప్రశ్న: మేముండేది టెక్సాస్‌లో. మా పాపకు ఎనిమిదేళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కానీ 'నేను ఆకలి', 'నేను మామిడిపండు ఇష్టం', 'రెండు ఇల్లులు', 'అమ్మ వచ్చాడు' అంటుంది. వ్యాకరణం నేర్పడం మొదలుపెట్టాలా?
– ఒక తండ్రి

జవాబు: నేర్పండి, కానీ విభక్తి, బహువచనం అన్న పేర్లు ఎత్తకుండా.

మీరు రాసిన తప్పుల్లో మొదటి రెండూ ఒకటే. ఇంగ్లీషులో ఆకలి, ఇష్టం, జ్వరం అన్నీ 'నేను'తో మొదలవుతాయి. తెలుగులో మనకు కలిగేవి, మనకు ఉన్నవి 'నాకు'తో వస్తాయి: నాకు ఆకలి, నాకు ఇష్టం, నాకు జ్వరం, నాకు తెలుసు, నాకు కావాలి. నేను చేసే పనులు 'నేను'తో: నేను తిన్నాను, నేను వెళ్తాను. రెండు గిన్నెలు పెట్టి, చీటీల మీద ఆకలి, తిన్నాను, నిద్ర వస్తోంది, పరిగెత్తాను లాంటివి రాసి, ఏది ఏ గిన్నెలో పడుతుందో పాపను వెయ్యమనండి. రోజుకు పది చీటీలు, రెండు వారాలు.

బహువచనాలను గుంపులుగా పెట్టండి. గుర్రం–గుర్రాలు, పుస్తకం–పుస్తకాలు ఒక గుంపు. ఇల్లు–ఇళ్ళు, కన్ను–కళ్ళు, పండు–పళ్ళు ఒకటి. చెట్టు–చెట్లు, రొట్టె–రొట్టెలు పక్కపక్కన పెడితే తేడా తనే పట్టుకుంటుంది. పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే కాబట్టి 'పాలు పొంగాయి' అంటాం. 'పాలు పొంగింది' అంటే ఇంట్లో అందరూ నవ్వుతారు, అలా నవ్వితే పాప మాట్లాడటమే మానేస్తుంది.

'అమ్మ వచ్చాడు' సంగతి: ఏకవచనంలో అక్కా, కుక్కా, బస్సూ అన్నీ 'వచ్చింది', మగవాడొక్కడే 'వచ్చాడు'. బహువచనానికి వచ్చేసరికి అమ్మలూ నాన్నలూ 'వచ్చారు', కుక్కలూ బస్సులూ 'వచ్చాయి'. ఇల్లంతా తిరుగుతూ ఎవరొచ్చారో చెప్పే ఆట ఆడితే దీనికి నోట్సు అక్కర్లేదు. తప్పు పలికినప్పుడు 'అలా కాదు' అనకుండా సరైన మాటనే తిరిగి అనండి. 'నేను ఆకలి' అంటే 'ఓ, నీకు ఆకలిగా ఉందా?' అంతే. మీరు తెలంగాణ వాళ్ళయి ఇంట్లో 'అన్న వచ్చిండు' అంటుంటే అదే అననివ్వండి. పుస్తకంలో 'వచ్చాడు' అని కనిపిస్తే రెండూ ఒకటేనని ఒక్క ముక్క చెబితే చాలు.

ప్రశ్న: మూడో తరగతి పిల్లలచేత 'నా అభిప్రాయం' రాయిస్తున్నాను. ముప్పై అయిదు నోటుపుస్తకాల్లోనూ ఒకటే రాత: 'నాకు ఇష్టం. ఎందుకంటే బాగుంటుంది. అందుకే నాకు ఇష్టం.'
– ఒక ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, బోర్డు మీద నమూనా రాసి అలాగే వదిలేసి ఉంటారు. నమూనా చదివించాక చెరిపెయ్యండి. రెండోది విషయం ఎంపిక. 'చెట్లు మంచివేనా?' అంటే కాదనేవాడు ఎవడూ ఉండడు, రాయడానికీ ఏమీ ఉండదు. 'గుడ్డు తెల్లగా ఉంటుంది' అన్నది అభిప్రాయం కాదు, చూస్తే తెలిసిపోయే సంగతి. పక్కవాడు 'కాదు' అనగలిగితేనే అది అభిప్రాయం. ఈ పరీక్ష ముందు పిల్లలకు చెప్పండి.

బడి భోజనంలో గుడ్డు సంగతే తీసుకోండి. ఉడకబెట్టి పెడితే మేలా, కూర చేస్తే మేలా? మొదటి రోజు రాత వద్దు. ఉడకబెట్టాలనేవాళ్ళు కిటికీ వైపు, కూర కావాలనేవాళ్ళు తలుపు వైపు నిలబడాలి. ఒక్కొక్కరూ ఒక్క కారణం చెప్పాలి, ముందువాడు చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. అవతలి మాట నచ్చితే పక్క మారొచ్చు. పది నిమిషాలు. నోటితో చెప్పలేనిది పెన్సిలుతో రాదు, చాలా తరగతుల్లో ఎగిరిపోయే మెట్టు ఇదే.

రెండో రోజు రాత. మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది: 'నాకు గుడ్డు కూర ఇష్టం. ఎందుకంటే బాగుంటుంది.' ఇక్కడ 'బాగుంటుంది' మీద ఆగండి. ఎలా బాగుంటుంది? ఉత్త గుడ్డు తింటే నీకేమవుతుంది? పక్కవాళ్ళు ఏం చేస్తుంటే చూశావు? ఈ మూడింటికీ నోటితో జవాబు చెప్పించి, ఆ మాటలే రాయమనండి. అప్పుడు ఇలా మారుతుంది:

'గుడ్డు కూర చేస్తేనే బాగుంటుంది. ఉత్త గుడ్డు తింటే పచ్చసొన గొంతుకు అడ్డం పడుతుంది. కూరలో అయితే పులుసు తగిలి మెత్తబడుతుంది. మా వరసలో ఇద్దరు రోజూ పచ్చసొన పడేస్తారు. ఉడకబెట్టిందైతే తలా ఒకటి లెక్కగా వస్తుంది, నిజమే. అయినా కూరలో కూడా కొయ్యకుండా వేస్తే లెక్క తప్పదు.'

'నిజమే' అని అవతలివాడి మాట ఒప్పుకుని, 'అయినా' అని తిప్పడం చూశారా? అది మూడో తరగతి చివరికి కొందరికే వస్తుంది. అందరి దగ్గరా ఆశించొద్దు. ఒకటో తరగతికి బొమ్మ, దాని కింద ఒక వాక్యం. రెండో తరగతికి అభిప్రాయం, ఒక కారణం. మూడో తరగతికి అయిదారు వాక్యాలు. అంతకు మించితే నింపుడే.

ఇంకో సంగతి. పిల్లలు ప్రతి కారణాన్నీ 'ఎందుకంటే'తో తగిలిస్తారు. అది తప్పేం కాదు గానీ, కారణం ముందు చెప్పడం తెలుగు వాక్యానికి నప్పుతుంది: 'పచ్చసొన గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి కూరే మేలు.' వారానికి మూడు 'ఎందుకంటే' వాక్యాలను 'కాబట్టి' వాక్యాలుగా తిప్పించండి. మీకు వ్యాకరణం పాఠం విడిగా పెట్టాల్సిన పని తప్పుతుంది.

దిద్దేటప్పుడు ఒక వారం ఒకటే చూడండి. ఈ వారం కారణం ఉందా లేదా, పై వారం వాక్యం ముగిసిందా లేదా. ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ ఒకేసారి ఎర్రసిరాతో దిద్దితే, పిల్లాడు తర్వాతిసారి తనకు వచ్చిన మాటలతోనే సరిపెట్టేస్తాడు. పచ్చసొన పోయి మళ్ళీ 'బాగుంటుంది' వస్తుంది.

ప్రశ్న: తెలుగు అక్షరాలూ ఇంగ్లీషు ఫోనిక్సూ (అక్షరాలను వాటి ధ్వనులతో నేర్పే పద్ధతి) ఒకేసారి నేర్పితే పిల్లలు కంగారు పడతారా? ఇంట్లో చదవడానికి తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: నేర్పొచ్చు, ఒకే గంటలో మాత్రం వద్దు. తెలుగులో 'ప' అన్న అక్షరం పేరూ, పలికే ధ్వనీ ఒకటే. ఇంగ్లీషులో అక్షరం పేరు 'పీ', పలికేది 'ప్'. తెలుగు అలవాటుతో ప్రతి హల్లుకూ అకారం తగిలించి, 'బ్యాట్'ని 'బ, యా, ట' అని విడదీస్తారు. పొల్లుగా పలికించడం అలవాటు చేస్తే అదే సర్దుకుంటుంది. పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. పాప ఒక పేజీలో అయిదు మాటలకు పైగా తడబడితే ఆ కథ మీరు చదివి వినిపించండి, తనచేత చదివించడానికి కింది స్థాయిది తీయండి.