రోబో పార్ట్స్ ఎక్కడ చేయించాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది ఇంజనీరింగ్ పిల్లల రోబోటిక్స్ టీమ్ సార్. అల్యూమినియం బ్రాకెట్లు, షాఫ్టులు కావాలి, ఒకటీ రెండు పీసులంటే లేత్ షాపులవాళ్లు పట్టించుకోవట్లేదు. ఎలా?

జవాబు: ముందు మీ కాలేజీ వర్క్‌షాప్‌లో అడిగారా, షాఫ్టులు అక్కడే అయిపోవచ్చు. లేదంటే బాలానగర్‌లో చిన్న జాబ్‌వర్క్ షాపులు బోలెడు, రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ అనే ప్రభుత్వ కేంద్రం అయితే ప్రోటోటైపుల (మొదటి నమూనాల) కోసమే పెట్టింది. ఫోన్లో త్రీడీ బొమ్మ చూపిస్తే రేటు చెప్పరు బాబూ, కొలతలేసిన డ్రాయింగ్ ప్రింటు పట్టుకెళ్లండి, బేరింగ్ కూర్చునే చోట తప్ప మిగతా అంతా 0.1 మి.మీ. అటూఇటూ పర్లేదని రాయండి, అన్నిటికీ 0.01 అని పెడితే రేటు ఎక్కడికో పోతుంది. బేరింగ్ కూడా చేతికిచ్చేయండి, పెట్టి చూసుకుంటారు. ఫ్లాట్ బ్రాకెట్లకి మిల్లింగ్ (తిరిగే కట్టర్‌తో చెక్కడం) దేనికి, లేజర్ కటింగ్ చాలు. శనివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి!