గ్రాంటు అడిగే ముందు కేస్ షీట్లు తియ్యి

బిడ్డా,

నీ ప్రపోజల్ చదివాను. పురుగుల మందు తాగినవాళ్లకు విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌తో పాటు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే వెంటిలేటర్ అవసరం తగ్గుతుందా అన్న ప్రశ్న బాగుంది. ఇంత పత్తి పండే జిల్లాల్లో ఉండి వేరే ప్రశ్న వెతుక్కోవడం ఎందుకు? కానీ సగం పేజీలు ఈ సమస్య ఎంత పెద్దదో చెప్పడానికే పోయాయి. గ్రాంటు ఇచ్చే ఐసీఎంఆర్‌లో (భారత వైద్య పరిశోధన మండలి) చదివేవాళ్లకు అది తెలుసు. రాసినంత మంది పేషెంట్లను ఈమె చేర్చగలదా అన్నదే వాళ్ల అనుమానం.

నెలకు 40 మంది అని రాశావు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టర్‌లో 'పాయిజనింగ్' అని ఉన్నవన్నీ కలిపేసినట్టున్నావు. అందులో గడ్డి మందు ఉంటుంది, ఎలుకల మందు ఉంటుంది, తలకేసుకునే రంగు కూడా ఉంటుంది. రికార్డ్ రూమ్‌లో కూర్చుని కేస్ షీట్లు తిరగెయ్యి. ఏ మందో తేలినవి ఎన్ని, పురుగుల మందు ప్రభావాన్ని చూపే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేసినవి ఎన్ని, మధ్యలో ఇంటికి తీసుకెళ్లిపోయినవి ఎన్ని? ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరికి అక్కడే అట్రోపిన్ మొదలుపెట్టి పంపుతారు. వాళ్లను చేర్చుకుంటావా, లేదా? ప్రోటోకాల్‌లో ఆ ముక్కే లేదు. చివరికి నెలకు 12 మందే మిగిలితే 12 అనే రాయి. ఆ లెక్కన నీకు 200 మంది కావాలంటే ఏడాదిన్నర పడుతుంది, ఆరు నెలల్లో తేలదు. కరీంనగర్‌లోనో ఖమ్మంలోనో ఒకరిని కో-ఇన్వెస్టిగేటర్‌గా కలుపుకుంటే ఇంకా మంచిది.

బడ్జెట్‌లో ఒక్క రీసెర్చ్ నర్సే ఉంది. రాత్రి రెండింటికి ఆటోలో వేసుకొచ్చిన మనిషిని ఎవరు ర్యాండమైజ్ చేస్తారు, అంటే ఏ గ్రూపులో వెయ్యాలో లాటరీ పద్ధతిలో తేలుస్తారు? ముగ్గురిని పెట్టు. పీజీలు చూసుకుంటారులే అనుకోకు, పరీక్షలు దగ్గరపడితే వాళ్లు కంటికి కనబడరు! ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లో ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ కూడా రాయి. తక్కువ అడిగితే త్వరగా ఇస్తారన్నది భ్రమ. పని తెలియదనుకుంటారు.

కన్సెంట్ గురించి రెండు లైన్లతో సరిపెట్టావు. స్పృహలేని మనిషి తరఫున సంతకం చేసేది భార్యో, కొడుకో. మెడికో లీగల్ కేసు (పోలీసులకు చెప్పాల్సిన కేసు) కాబట్టి ఏ కాగితం చూపినా పోలీసుల కాగితమనే భయపడతారు. ముందు ఆ భయం తీర్చి, తర్వాత ట్రయల్ మాట ఎత్తాలి. తెలివి వచ్చాక పేషెంటును మళ్లీ అడగాలి. ఇవన్నీ ప్రపోజల్‌లో రాయి. ఈ కేసుల్లో రెండు గ్రూపుల్లోనూ చావులు ఉంటాయి. ప్రతి ఒక్కటీ 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకి చేరాలి, ఆ పని ఎవరిదో పేరుతో సహా చెప్పు.

పర్మిషన్ల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మందు కొత్తది కాదు, అమ్మకానికీ కాదు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే ఇలాంటి అకడమిక్ ట్రయల్‌కు విడిగా డీసీజీఐ (కేంద్ర ఔషధ నియంత్రణాధికారి) అనుమతి అడగరు. ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో మాత్రం మొదటి పేషెంటును చేర్చుకోకముందే రిజిస్టర్ కావాలి.

కేస్ షీట్ల లెక్క తేలగానే ఫోన్ చెయ్యి. శాంపిల్ సైజు మళ్లీ వేయించాలి, కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లతో నేను మాట్లాడతాను.