రేడియేషన్ తర్వాత గట్టిపడిన ఇంప్లాంట్‌ను సరిచేయించవచ్చా?

కావలిలో ఉండే మీ అక్కకు రొమ్ము క్యాన్సర్ తగ్గాక పెట్టిన ఇంప్లాంట్ (రొమ్ము ఆకారం కోసం లోపల అమర్చే మెత్తని సంచి) రెండేళ్లకే రాయిలా గట్టిపడి పైకి జరిగిందని, జబ్బు తిరగబెట్టిందేమోనని భయంగా ఉందని రాశారు.

ఇది చాలాసార్లు క్యాన్సర్ కాదు. ఒంట్లో ఏ పరాయి వస్తువు పెట్టినా శరీరం దాని చుట్టూ పలుచని పొర అల్లుకుంటుంది. ఆ పొర దళసరెక్కి బిగుసుకుంటే, మెత్తని ఇంప్లాంట్‌ను పిడికిట్లో పట్టి నొక్కినట్టు అవుతుంది. రేడియేషన్ పడిన ఛాతీలో ఈ ముప్పు ఎక్కువ. అయినా కొత్త గడ్డ, వాపు, ఎర్రదనం ఉంటే ముందు క్యాన్సర్ డాక్టరుకే చూపించండి.

సరిచేయించవచ్చు. పొర తీసేసి కొత్త ఇంప్లాంట్ పెట్టడం తేలిక దారి. కానీ రేడియేషన్ తగిలిన చోట అదీ మళ్లీ బిగుసుకోవచ్చు. అందుకే పొత్తికడుపు లేదా వీపు కణజాలంతో రొమ్మును మలచడం గురించి తప్పక అడగమంటాను. ఈ ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది, పొత్తికడుపు నుంచి తీస్తే అక్కడ అడ్డంగా పొడవాటి మచ్చ మిగులుతుంది. చిన్న గుంటలకైతే కొవ్వు ఎక్కిస్తారు. అందులో కొంత కరిగిపోతుంది కనుక ఒకసారితో సరిపోకపోవచ్చు.

షుగర్ ఉంటే ముందు అదుపులోకి రావాలి, లేకపోతే గాయం సరిగా మానకపోవచ్చు.

ఆపరేషన్ కోసం చెన్నై వెళ్తే పాత ఆపరేషన్ కాగితాలు, రేడియేషన్ వివరాలు, ఇంప్లాంట్ కార్డు తీసుకెళ్లండి. ముందువైపు హుక్కులున్న వదులు నైటీ కూడా. చేయి పైకెత్తలేని రోజుల్లో, గాయంలో చేరే నీరు బయటికి తీసే డ్రెయిన్ ట్యూబు వేలాడుతుండగా, దాని విలువ తెలుస్తుంది.