జిగురులో నూలు పీచు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

ప్రశ్న: మాది చిన్న ఫర్నిచర్ షెడ్డు. పక్క టైలరింగ్ యూనిట్‌లో కత్తిరింపు ముక్కలు గుట్టలుగా పారేస్తున్నారు. వాటిని పొడి చేసి తెల్ల జిగురులో కలిపితే కుర్చీల అతుకులు గట్టిపడతాయా?

జవాబు: కుసి (చెక్క చివర చెక్కిన నాలుక) బెజ్జంలో బిగుతుగా కూర్చుంటే పీచు అక్కర్లేదు. అలాంటి అతుకును విరగ్గొడితే జిగురుకన్నా ముందు చెక్కే చీలుతుంది. పీచు కలిపితే జిగురు పొర మందమై నష్టమే. అది పనికొచ్చేది వదులు అతుకులకు. అక్కడా తెల్ల జిగురు వద్దు. అందులో దాదాపు సగం నీరే. ఆరాక సందులో కుంచించుకుపోతుంది. ఎపాక్సీ వాడండి. అది రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు. చెక్క పడవలు కట్టేవాళ్లు సందులు నింపడానికి అందులో సన్నని నూలు పీచే కలుపుతారు.

అచ్చమైన నూలు ముక్కలే ఏరండి. దారం కాల్చి చూడండి: నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద, పాలిస్టర్ కరిగి గట్టి ముద్దవుతుంది. గంజి, మైనం పోయేలా వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, బాగా జాడించి, పూర్తిగా ఎండబెట్టాలి. తేమ ఉంటే ఎపాక్సీ చెడుతుంది. 2–3 మి.మీ. ముక్కలుగా కత్తిరించాకే గ్రైండర్‌లో వేయండి. పొడవుగా ఉంటే బ్లేడుకు చుట్టుకుంటాయి. తర్వాత జల్లించండి. ఉండలు మిగిలితే అక్కడ చెక్కకు జిగురు అందదు. ఈ దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. నిప్పు దగ్గర వద్దు, మాస్కు తప్పనిసరి.

రెసిన్, హార్డెనర్ డబ్బా మీది పాళ్లలో ముందు కలిపి, పీచు లేకుండానే రెండు ముఖాలకూ పూయండి. ఈ మెట్టు మానేస్తే చిక్కటి మిశ్రమంలోని రెసిన్‌ను చెక్క పీల్చేసుకుని అతుకు పొడిబారుతుంది. మిగిలినదాంట్లో ఇడ్లీ పిండి చిక్కదనం వచ్చేదాకా పీచు కొద్దికొద్దిగా కలిపి సందు నింపండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది.

ప్రశ్న: ప్లైవుడ్‌కు వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురులో మైదా బదులు ఈ పీచు వేయొచ్చా?

జవాబు: పూర్తిగా మార్చొద్దు. మైదా నీటిని పట్టి ఉబ్బి, జిగురు చెక్కలోకి ఇంకిపోకుండా ఆపుతుంది. పీచు అలా ఉబ్బదు, ఎక్కువైతే రోలర్ల మీద ముద్దకడుతుంది. ఇంకో చిక్కు, బట్టలో మిగిలిన సోడా, అంటే క్షారం. ఈ జిగురు అమోనియం క్లోరైడ్ నుంచి పుట్టే ఆమ్లంతో గట్టిపడుతుంది, సోడా ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. పీచు నానబెట్టిన నీటి పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 అంటే రెండూ కాదు) 7 దగ్గరకు వచ్చేదాకా జాడించండి. మైదాలో పదో వంతు మార్చి ఒక షీటు నొక్కండి. ముక్క కోసి నీళ్లలో నానబెట్టి ఉలితో విప్పండి. పొరల మీద చెక్క పీచు చిరిగి అంటుకుని ఉంటే సరే. జిగురు నున్నగా ఊడివస్తే పీచు వాటా తగ్గించండి.